మలుపు రాకముందే

"సైకిలు తొక్కడం వచ్చునా?" అని మా ఊళ్ళో ఏ పిల్లవాణ్ణి అడిగినా, "ఓ, ఎప్పుడో వచ్చు!" అంటాడు. "మరి మలుపు తిరగడం వచ్చునా?" అని అడిగితే మాత్రం నా ముఖంలోకి వింతగా చూస్తాడు. "అదేం ప్రశ్న సార్? హ్యాండిలు తిప్పితే సైకిలే తిరుగుతుంది" అంటాడు.

పిల్లలూ! సైకిలు అలా తిరగదు. అలా తిరుగుతుందనుకుని జోరుగా వచ్చి మలుపులో పడినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. పుస్తకంలో ఉన్న ఉదాహరణల కన్న బడి గేటు దగ్గర కనిపించే ఉదాహరణలే పిల్లల మనసుకు బాగా పట్టుతాయని నా అనుభవం. సైకిలు మలుపు అటువంటి ఉదాహరణ. ఆ సంగతే ఇప్పుడు మీకు చెబుతాను.

మాది వరంగల్లు జిల్లా నెక్కొండ. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గం మీద ఉన్నది. నిజాం ప్రభువుల కాలంలో, 1889 నాటికి, ఈ మార్గం బెజవాడ దాకా పూర్తి అయినది. ఊరి చుట్టూ పల్లెలు, తండాలు. రైలు దిగి ఊరికి పోయేవాడికీ, బజారుకు వచ్చేవాడికీ, బడికి వచ్చేవాడికీ ఒకప్పుడు సైకిలే వాహనం. నా చిన్నతనంలో సైకిళ్ళు కిరాయికి ఇచ్చే దుకాణాలుండేవి. గంట లెక్కన పైసలిచ్చి తెచ్చుకొనేవాళ్ళం. అవన్నీ పెద్దవాళ్ళ సైకిళ్ళే. సీటు మాకు అందేది కాదు. అందుచేత నడుమ కడ్డీ కింది నుంచి ఒక కాలు దూర్చి, "కైంచీ" తొక్కేవాళ్ళం. కైంచీ అంటే కత్తెర. అలా తొక్కేటప్పుడు పిల్లవాడు ఒక పక్కకు వేలాడుతూ ఉంటాడు. సైకిలు రెండో పక్కకు వాలి ఉంటుంది. అయినా పడిపోదు! చూసేవాళ్ళకు అది తమాషాగా ఉండేది. సైకిలుకు వాలడం ఎంత ముఖ్యమో అందులోనే ఉన్నదని నాకు సైన్సు చదివిన తరవాత తెలిసింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

నేను పని చేసిన ఒక బడికి దారి చెరువు కట్ట మీదుగా ఉండేది. కట్ట దిగగానే దారి ఎడమకు మళ్ళేది. కట్ట మీది నుంచి దిగేటప్పుడు పిల్లలు పెడళ్ళు తొక్కడం మాని, సైకిళ్ళను జోరుగా వదిలేసేవాళ్ళు. వానలకు కట్ట మీది మొరం కొట్టుకొని వచ్చి, సరిగ్గా ఆ మలుపులో పరుచుకొని ఉండేది. ఒకరోజు ఉదయం ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అక్కడ జారి పడ్డాడు. ముంజేతి ఎముక విరిగింది. వెనక వస్తున్న ట్రాక్టరు అతనికి నాలుగడుగుల దూరంలో ఆగింది. ఆగకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం వేసింది.

ఆ సాయంత్రం తల్లిదండ్రులు చాలామంది బడికి వచ్చారు.

"సారూ, ఇగ సైకిళ్ళు బందు పెట్టించుండ్రి. పిల్లలు నడిచే వస్తరు" అన్నాడొక తండ్రి.

"అవు సారూ, పానం కన్న ఎక్కువనా?" అన్నది ఒక తల్లి.

అందరూ తలలు ఊపారు. అప్పుడు వెనక నిలబడి ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మెల్లగా అన్నది: "సార్, సైకిలు బందయితే నా బడి గూడ బందే. మా తండా నాలుగు కిలోమీటర్లు. నడిచి పోయేసరికి చీకటి పడుతది. అమ్మ పంపదు."

ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. సైకిళ్ళు మాన్పిస్తే చేతులు విరగవు. అది నిజమే. కాని ఆ అమ్మాయి వంటి వాళ్ళు ఆ బడిలో పదకొండుమంది ఉన్నారు. వాళ్ళ చదువుల మాట ఏమిటి? నేను తల్లిదండ్రులతో, "నాకు పదిహేను రోజులు గడువివ్వండి. పిల్లలకు మలుపు తిరగడం నేర్పుతాను. మీరే వచ్చి చూడండి. అప్పటికీ మీకు భయం తీరకపోతే మీ ఇష్టప్రకారమే చేద్దాం" అన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు.

మొదటి రోజు సైకిలు బయటికి తీయనే లేదు. ఒక పళ్ళెంలో గోలీ వేసి, బల్ల మీద పళ్ళేన్ని ముందుకు జరిపి, చటుక్కున పక్కకు తిప్పమన్నాను. పళ్ళెం పక్కకు తిరిగింది. గోలీ మాత్రం తాను పోతున్న దారినే పోయి అంచుకు కొట్టుకున్నది. మీరు బస్సులో పోయేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. బస్సు కుడికి తిరిగితే మీరు ఎడమకు ఒరుగుతారు. మిమ్మల్ని ఎవరూ నెట్టలేదు. మీ శరీరం తిన్నగా పోతున్నది. బస్సే కింది నుంచి పక్కకు తప్పుకుంటున్నది. కదిలే వస్తువు దేనినైనా మరొక బలం మళ్ళించేదాకా అది తిన్నగానే పోతుంది. ఈ సూత్రాన్ని న్యూటన్ మహాశయుడు 1687లో తన గ్రంథంలో ప్రకటించాడు.

కాబట్టి సైకిలును మలుపు తిప్పాలంటే దానిని లోపలి వైపుకు లాగే బలం ఒకటి కావాలి. ఆ బలం ఇచ్చేది ఎవరు? మీ చేతులు కావు, హ్యాండిలు కాదు. నేల! టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు వల్లనే సైకిలు మలుపు తిరుగుతుంది. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు ఎంతో తెలుసునా? మీ మూడు నాలుగు వేళ్ళ కొనలంత మాత్రమే. మీరూ, మీ సైకిలూ, మీ పుస్తకాల సంచీ అంతా మలుపులో ఆ కాస్త చోటు మీద ఆధారపడి ఉంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నేల టైరును లోపలికి లాగుతుంది గాని, పైన ఉన్న మిమ్మల్ని నేరుగా లాగలేదు. కింది భాగం లోపలికి పోయి, పై భాగం తిన్నగా పోతే ఏమవుతుంది? మీరు మలుపుకు బయటి వైపు బోర్లా పడతారు. అలా పడకుండా ఉండాలంటే ముందే లోపలి వైపుకు వాలి ఉండాలి. అప్పుడు మీ బరువు మిమ్మల్ని లోపలికి పడదోయాలని చూస్తుంది. మలుపు మిమ్మల్ని బయటికి పడదోయాలని చూస్తుంది. రెండూ సరితూగితే సైకిలు హాయిగా తిరుగుతుంది. కావాలంటే ఆటస్థలంలో చిన్న వలయం గీసి, దాని చుట్టూ పరుగెత్తి చూడండి. మీకు తెలియకుండానే లోపలికి వాలుతారు.

ఒక రూపాయి బిళ్ళను గచ్చు మీద నిలువుగా దొర్లించి చూడండి. తిన్నగా పోతున్నంతసేపు నిటారుగా ఉంటుంది. కాస్త ఎడమకు వాలిందా, దారి కూడా ఎడమకు వంగుతుంది. దానికి హ్యాండిలు లేదు, తిప్పేవాడు లేడు. వాలింది కాబట్టి తిరిగింది.

మరి సైకిలు వాలడం ఎలా మొదలవుతుంది? దీనికి ఇంకొక ఆట ఉన్నది. పొడుగైన కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టండి. ఇప్పుడు కర్ర పడకుండా కుడి వైపుకు నడవాలి. చేతిని ఒక్కసారి కుడికి జరిపితే కర్ర ఎడమకు పడిపోతుంది. అందుకని చేతిని ముందు రవ్వంత ఎడమకు జరపాలి. కర్ర పై కొన కుడికి వాలుతుంది. అప్పుడు దానితో పాటు కుడికి పోవచ్చును. సైకిలు కూడా ఇంతే. ఎడమకు తిరగబోయే ముందు హ్యాండిలు ఒక్క క్షణం కుడికి కదులుతుంది. చక్రాలు కుడికి జరుగుతాయి, మనిషి ఎడమకు వాలుతాడు. ఆ తరవాతే హ్యాండిలు ఎడమకు వస్తుంది.

ఇది విని మా పిల్లలు నమ్మలేదు. మీరూ నమ్మకపోవచ్చును. విమానం కనిపెట్టిన రైటు సోదరులు మొదట అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిళ్ళ వర్తకులు. వాళ్ళలో పెద్దవాడైన విల్బర్, "ఎడమకు ఎలా తిరుగుతారు?" అని ఎందరో సైకిలు తొక్కేవాళ్ళను అడిగి చూశాడు. మొదటిసారి అడిగినప్పుడు ఒక్కరూ పూర్తిగా సరైన జవాబు చెప్పలేకపోయారట. రోజూ చేసే పనే, ఎలా చేస్తున్నామో చేసేవాళ్ళకే తెలియదు! గాలిలో విమానం కూడా సైకిలు వలె వాలి తిరగాలని ఆ సోదరులు గ్రహించారు. 1903 డిసెంబరు 17వ తేదీన వాళ్ళ విమానం ఎగిరింది.

చక్రాలు గిర్రున తిరగడం వల్లనే సైకిలు పడిపోకుండా ఉంటుందని చాలామంది అనుకుంటారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆయన, ముందు చక్రం పక్కన వెనక్కు తిరిగే మరొక చక్రం బిగించి, ఆ ప్రభావం లేకుండా చేశాడు. అయినా ఆ సైకిలును తొక్కగలిగాడు. పడబోయే వైపుకు హ్యాండిలు కొంచెం తిరిగి, చక్రాలను మళ్ళీ మనిషి కిందికి తేవడమే ముఖ్యం. అందుచేత హ్యాండిలు స్వేచ్ఛగా కదలాలి. హ్యాండిలుకు బరువైన సంచీ వేలాడదీసినా, ఒక చేత గొడుగో ఫోనో పట్టుకున్నా, భయంతో రెండు చేతులూ బిగించినా, ఈ సన్నని పని చెడిపోతుంది.

మూడో రోజు సైకిళ్ళు తీశాం. ఆటస్థలం నడుమ మేకు పాతి, 10 మీటర్ల తాడు కట్టి, సున్నంతో పెద్ద వలయం గీశాం. దాని చుట్టుకొలత ఎంత? 62.8 మీటర్లని ఏడో తరగతి పిల్లలు లెక్క కట్టి చెప్పారు. ఒక్కొక్కరు వలయం చుట్టూ తొక్కుతుంటే మరొకరు గడియారం చూశారు. 22, 23 సెకన్లు పట్టితే వేగం గంటకు 10 కిలోమీటర్లు. 15 సెకన్లు పట్టితే గంటకు 15 కిలోమీటర్లు. 15 సెకన్లకు తక్కువలో ఎవరూ తిరగరాదని నియమం పెట్టాను. ఇంకొక పిల్లవాడు దారానికి రాయి కట్టి కంటి ముందు పట్టుకొని, తొక్కేవాడు నిలువు దారం నుంచి ఎంత వాలుతున్నాడో చూశాడు. నెమ్మదిగా తిరిగేవాడు వాలినట్టే కనిపించలేదు. జోరుగా తిరిగేవాడు స్పష్టంగా వాలాడు.

అప్పుడు నల్లబల్ల మీద అసలు లెక్క వేశాం. పై తరగతుల పిల్లలు మీరు కూడా వేయవచ్చును. వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని తీసుకొని, దానిని దానితోనే గుణించండి. వచ్చినదానిని మలుపు వ్యాసార్ధంతోను, 9.8తోను భాగించండి. మీ బరువులో ఎన్నో వంతు పట్టు నేల నుంచి కావాలో తెలుస్తుంది.

ఊరి సందులో మలుపు వ్యాసార్ధం 5 మీటర్లనుకోండి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బరువులో నూటికి 16 వంతుల పట్టు చాలు. సైకిలు సుమారు 9 డిగ్రీలు వాలుతుంది. 15 కిలోమీటర్లయితే నూటికి 35 వంతులు కావాలి; వాలు సుమారు 20 డిగ్రీలు. 20 కిలోమీటర్లయితే నూటికి 63 వంతులు కావాలి; వాలు 32 డిగ్రీలు!

చూశారా? వేగం రెండింతలైతే కావలసిన పట్టు రెండింతలు కాలేదు. నాలుగింతలైనది. మలుపు దగ్గర మోసం ఇక్కడే ఉన్నది. "నిన్న ఇదే మలుపు తిరిగాను, ఇవాళ కాస్త జోరుగా పోతే ఏమవుతుంది?" అనుకుంటాం. ఆ కాస్త జోరుకు నేల చాలా ఎక్కువ మూల్యం అడుగుతుంది.

నేల అంత ఇవ్వగలదా? పొడిగా, శుభ్రంగా ఉన్న తారు రోడ్డు బాగానే ఇస్తుంది. మొరం, ఇసుక, కంకర ఉన్న చోట సగం కూడా ఇవ్వదు. టైరుకూ రోడ్డుకూ మధ్య ఆ గుండ్లు దొర్లుతాయి. మా ప్రాంతంలో ఇంకా చాలా ఉన్నాయి. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. దమ్ము చేసిన ట్రాక్టరు పొలం నుంచి రోడ్డెక్కితే బురద ముద్దలు రాలుతాయి. పశువులు పోయిన దారిలో పేడ ఉంటుంది. తొలి వాన పడ్డప్పుడు రోడ్డు మీది దుమ్మూ నూనే కలిసి జారుడు బల్ల అవుతుంది. మలుపులో ఇవి కనిపిస్తే బాగా నెమ్మదించి, వీలైనంత నిటారుగా, బ్రేకు ముట్టకుండా దాటాలి. లేదా దిగి నడిపించుకొని పోవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రైలు పట్టాలు దాటేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పట్టాలను ఏటవాలుగా దాటబోతే చక్రం పట్టా పక్కనున్న సందులో ఇరుక్కుంటుంది. తడిసిన ఉక్కు మీద టైరుకు పట్టే ఉండదు. గేటు తెరిచి ఉన్నప్పుడు, దిగి, పట్టాలకు అడ్డంగా తిన్నగా నడిపించుకొని పోవడం మేలు.

బ్రేకు సంగతి వేరుగా చెప్పాలి. టైరు పట్టు జేబులోని డబ్బు వంటిది. మలుపు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ ఆ ఒక్క జేబులోంచే ఖర్చు పెట్టాలి. మలుపుకే ఎక్కువ ఖర్చయిపోతే బ్రేకుకు ఏమీ మిగలదు. వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టితే ముందు చక్రం జారుతుంది. ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం దాదాపు అసాధ్యం. ఆ ఎనిమిదో తరగతి అబ్బాయిని అడిగితే, "మొరం చూసి భయమైంది సార్, బ్రేకు గుంజిన" అన్నాడు. వాడి చేయి తొందరపడిందని నేను కోప్పడలేదు. ఆ చేతికి ఎప్పుడు పని చేయాలో ఎవరూ చెప్పి ఉండలేదు.

అందుచేత బ్రేకు పని మలుపు రాకముందే పూర్తి కావాలి. సైకిలు ఇంకా నిటారుగా, తిన్నగా పోతున్నప్పుడే రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా పట్టాలి. వేగం తగ్గిన తరవాత వదలాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు ఒక్క సెకనులో ఐదున్నర మీటర్లు పోతాడు. ప్రమాదం కనిపించి, చేయి బ్రేకు మీదికి పోయేసరికే ఆ సెకను అయిపోతుంది. కాబట్టి చాలా ముందుగానే మొదలుపెట్టాలి. వానలో ఇంకా ముందు. మన సైకిళ్ళ ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బర్లు సరిగా పట్టవు. చక్రం కొన్ని చుట్లు తిరిగి, నీరు తుడుచుకుపోతేనే పట్టుతాయి.

మా పిల్లలకు నేను మూడు మాటలు నేర్పాను: ముందు చూడు, ముందే తగ్గించు, మెల్లగా వాలు.

"ముందు చూడు" అంటే, ముందు చక్రాన్ని చూడడం కాదు. మీరు పోవలసిన చోటును చూడాలి. చూపు ఎటు పోతే సైకిలు అటే పోతుంది. గుంతను చూస్తూ పోయేవాడు గుంతలోకే పోతాడు.

"ముందే తగ్గించు" అంటే ఏమిటో చెప్పాను.

"మెల్లగా వాలు" అంటే, మలుపులో ఏ పనీ చటుక్కున చేయరాదు. పెడలు తొక్కడం ఆపాలి. లోపలి వైపు పెడలు పైన, బయటి వైపు పెడలు కింద ఉండాలి. లేకపోతే వాలినప్పుడు లోపలి పెడలు నేలకు తగిలి, సైకిలు ఎగిరిపడుతుంది. కింద ఉన్న బయటి పెడలు మీద బరువు మోపితే స్థిరంగా ఉంటుంది. మలుపు దాటి, సైకిలు నిటారుగా అయిన తరవాత మళ్ళీ తొక్కాలి. వెనక క్యారియరు మీద ఎవరైనా కూర్చుంటే వాళ్ళు కూడా సైకిలుతో పాటే వాలాలి. భయపడి రెండో పక్కకు వాలితే ఇద్దరూ పడతారు. పాల క్యాన్లు కట్టుకొని వచ్చే మనిషిని గమనించండి. సగం నిండిన క్యానులో పాలు మలుపు దగ్గర ఒక పక్కకు కొట్టుకుంటాయి. అది తెలిసిన మనిషి కాబట్టి మలుపుకు చాలా ముందే నెమ్మదిస్తాడు.

పందెములు చూసిన పెద్ద పిల్లలకు ఒక సందేహం రావచ్చును. "వాళ్ళు అంత జోరుగా ఎలా తిరుగుతారు సార్?" అని మా వాళ్ళూ అడిగారు. సైకిలు పందెముల కోసం కట్టే పథాలు మలుపులలో గోడలాగా ఏటవాలుగా ఉంటాయి. 250 మీటర్ల పథంలో ఆ వాలు 42 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. అటువంటి పందెముల కోసం మన హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, 2002 జాతీయ క్రీడల సందర్భంగా ఒక పథం కట్టారు. సైకిలు వాలినంత నేల కూడా వాలి ఉంటే జారడం ఉండదు. రైలు మార్గం వంపులలో కూడా బయటి పట్టాను లోపలి పట్టా కన్న ఎత్తుగా వేస్తారు. అదీ ఈ సూత్రమే. మన ఊరి దారులకు ఆ వాలు లేదు. ఆ జోరు మనకు పనికిరాదు.

రోడ్డు పందెములలో ఇంకొక ఉపాయం చేస్తారు. మలుపుకు బయటి అంచున మొదలుపెట్టి, నడుమ లోపలి అంచును తాకి, మళ్ళీ బయటి అంచుకు పోతారు. దాని వల్ల మలుపు వ్యాసార్ధం పెద్దదవుతుంది. కాని అక్కడ ఎదురు బండ్లు రాకుండా దారి మూసి ఉంచుతారు. మన రోడ్డు మీద అలా చేస్తే ఎదురుగా వచ్చే లారీకి అడ్డం పోతాం. మనం రోడ్డుకు ఎడమ సగంలోనే ఉండాలి. కుడికి తిరిగేటప్పుడు మలుపును అడ్డంగా కోసుకొని పోరాదు. గోడో, చెట్టో, జొన్న చేనో అడ్డమై మలుపు అవతల కనిపించకపోతే, కనిపించినంత దూరంలో ఆగగలిగేటంత నెమ్మదిగానే పోవాలి. గంట కొట్టడం మరవరాదు.

పదిహేను రోజులూ అయినవి. తల్లిదండ్రులు వచ్చి ఆటస్థలం చుట్టూ నిలబడ్డారు. పిల్లలు ఒక్కొక్కరుగా సున్నపు గీత దగ్గరికి వచ్చి, గీతకు ముందే బ్రేకు పట్టి, వదిలి, చక్కగా వాలి తిరిగారు. చేతికి పట్టీ ఉన్న ఆ ఎనిమిదో తరగతి అబ్బాయి పక్కన నిలబడి గడియారం చూసి వేగాలు చెప్పాడు. చివరికి తండా అమ్మాయి వంతు వచ్చింది. ఆమె తిరిగిన తీరు చూసి, సైకిళ్ళు బందు పెట్టమన్న ఆ తండ్రే, "మా వానికి గూడ ఇట్లనే నేర్పుండ్రి సారూ" అన్నాడు. సైకిళ్ళు ఆగలేదు. కట్ట దిగే చోట, మలుపుకు ఇరవై అడుగుల ముందే, రెండు పక్కలా తెల్లరాళ్ళు పాతాం. అక్కడికి వచ్చేసరికి బ్రేకు పని ముగియాలి. వాన వెలిసిన మరునాడు పెద్ద పిల్లలు నాతో వచ్చి మలుపులోని మొరం ఊడ్చేవాళ్ళు. ఊడ్చినంతసేపూ దారికి రెండు వైపులా ఇద్దరిని ఎర్రగుడ్డ పట్టుకొని నిలబెట్టేవాణ్ణి.

ఆ తరవాత అక్కడ ఎవరూ పడలేదని చెప్పను. ఇద్దరు ముగ్గురు పడ్డారు. కాని నెమ్మదిగా పడ్డారు. మోకాళ్ళు గీసుకున్నాయి గాని ఎముకలు విరగలేదు. ఆ అమ్మాయి ఆ సైకిలు మీదనే వచ్చి పదో తరగతి పూర్తి చేసింది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "ఎట్లాగూ పెరుగుతాడు గదా" అని పెద్ద సైకిలు కొనకండి. సీటు మీద కూర్చున్నప్పుడు పిల్లవాడి కాళ్ళ మునివేళ్ళు నేలకు తగలాలి. బ్రేకు పిడి వాడి వేళ్ళకు అందాలి. వారానికి ఒకసారి బ్రేకు రబ్బర్లు అరిగినవేమో, టైర్లలో గాలి తగ్గినదేమో చూడండి. గాలి తగ్గిన టైరు మలుపులో కింద నలిగి, సైకిలు ఊగుతుంది. తలకు శిరస్త్రాణం కొనిపెట్టండి. సైకిలు ధర ముందు దాని ధర ఎంత? పిల్లవాడు పడి వస్తే ముందు కట్టు కట్టండి, తరవాత ఎలా పడ్డాడో అడగండి. తిట్టుతారని భయపడే పిల్లలు జరిగినది చెప్పరు. చెప్పకపోతే ఆ మలుపులో ఏమున్నదో మీకు తెలియదు.

పిల్లలూ, మీకు ఇంటి పని ఒకటి ఇస్తున్నాను. వచ్చే ఆదివారం పెద్దవాళ్ళను ఎవరినైనా తోడు తీసుకొని, మీ ఇంటి నుంచి బడి దాకా నడిచి వెళ్ళండి. సైకిలు వద్దు. ఎన్ని మలుపులున్నాయో లెక్కపెట్టండి. ఏ మలుపులో ఇసుక ఉన్నదో, ఏ మలుపులో గోడ అడ్డమో, ఎక్కడ దారి వాలుగా ఉన్నదో చూడండి. తిరిగి వచ్చి కాగితం మీద పటం గీయండి. ప్రతి మలుపుకు ముందు, మీరు బ్రేకు పట్టడం మొదలుపెట్టవలసిన చోట, ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టండి. ఆ పటాన్ని మీ అమ్మకు గాని, నాన్నకు గాని చూపించి, చుక్కలు సరైన చోట ఉన్నవో లేవో అడగండి. సోమవారం సైకిలెక్కినప్పుడు ఆ చుక్కలు గుర్తుంచుకోండి.